యాభై ఏళ్ల జబ్బులు, పదహారేళ్ల మరణాలు

తిరుపతిలోనో చిత్తూరులోనో ఏ ఉన్నత పాఠశాలలో ఆరోగ్యం గురించి సభ జరిగినా, వక్తలు పిల్లలకు చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. పానీపూరీ తగ్గించండి, కూల్‌డ్రింకులు మానండి, సెల్‌ఫోను పక్కన పెట్టండి, పొద్దున్నే లేచి నడవండి. ఇవన్నీ మంచి మాటలే. అయితే ఈ పట్టికలో ఉన్నవి పదహారేళ్ల పిల్లవాడి ప్రాణాన్ని ఆ వయసులోనే తీసేవి కావు. మధుమేహం, రక్తపోటు, గుండెపోటు, పొగాకు తెచ్చే క్యాన్సరు చాలావరకు నడివయసులో బయటపడే జబ్బులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో 10 నుంచి 24 ఏళ్ల మధ్య వయసువారు 15 లక్షల మందికి పైగా చనిపోయారు. అంటే రోజుకు సుమారు 4,500 మంది. 5 నుంచి 29 ఏళ్ల వారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదం. 15 నుంచి 29 ఏళ్ల వారిలో ఆత్మహత్య మూడో కారణం. క్షయ వంటి అంటురోగాలు మన దేశంలో ఇంకా ఈ వయసువారిని బలి తీసుకుంటున్నా, రోడ్డు, నీరు, పాము, మనోవేదన అనే నాలుగింటి గురించి బడిలో వినిపించేది చాలా తక్కువ.

ఈ రెండు రకాల మరణాలను ఒకే గాట కట్టడం వల్లనే మన ఆరోగ్యబోధ దారి తప్పుతోందని నా అభిప్రాయం. యాభై ఏళ్లకు వచ్చే జబ్బు రోజువారీ అలవాట్లతో మెల్లగా పెరుగుతుంది. దాన్ని ఆపడానికి అలవాట్లు మార్చుకునే వ్యవధి ఉంటుంది. పదహారేళ్లకు వచ్చే మరణం కొన్ని నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆ నిమిషాల్లో బండి తాళం ఎవరి చేతిలో ఉంది, పురుగుమందు డబ్బా ఎక్కడ ఉంది, పక్కన ఎవరున్నారు, ఆసుపత్రి ఎంత దూరం అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఎక్కువ భాగం పిల్లల చేతిలో ఉండేవి కావు, పెద్దలు ముందుగా ఏర్పాటు చేయవలసినవి. అందుచేత సరైన నిర్ణయాలు తీసుకోండని పిల్లలకు చెప్పి ఊరుకుంటే బాధ్యతలో సగమైనా నెరవేరదు.

రోడ్డుతో మొదలుపెడదాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు, వెనక కూర్చున్నవారితో కలిపి, దాదాపు 50 వేల మంది. తిరుపతి చుట్టుపక్కల ఈ ప్రమాదానికి స్థానికమైన కారణాలు కొన్ని తోడవుతాయి. రాత్రంతా నిద్ర లేకుండా కారు నడుపుకుంటూ దర్శనానికి వచ్చే యాత్రికుడు, రేణిగుంట వైపు నుంచి వచ్చే లారీ, కాలేజీకి ఆలస్యమైందని పరుగెత్తే ఇంటర్ విద్యార్థి ఒకే రోడ్డు మీద ఒకే గంటలో కలుస్తారు. తిరుపతి, చిత్తూరు మధ్య రహదారి వెడల్పయ్యాక ఊరు ఒక పక్కన, పొలాలు మరో పక్కన మిగిలిపోయిన చోట్లున్నాయి. యూ టర్న్ చాలా దూరంలో ఉందని ఎదురుదారిలో, అంటే మనవాళ్లు రాంగ్ రూట్ అనే దానిలో, బండి తోలడం అక్కడ పిల్లలకూ పెద్దలకూ నిత్యకృత్యమైపోయింది. ఇది పూర్తిగా పిల్లల దుడుకుతనం కాదు. ఊరివాళ్లు ఎటు నడుస్తారో పట్టించుకోకుండా రోడ్డు వేసినవారికీ ఇందులో వాటా ఉంది.

హెల్మెట్ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే దాన్ని పోలీసుల కోసం పెట్టుకునే వస్తువుగా చూడడం తగ్గుతుంది. వేగంగా పోతున్న తల రోడ్డుకు తగిలి ఒక్కసారిగా ఆగినప్పుడు పుర్రె ఆగుతుంది కాని లోపలి మెదడు ఆగదు. కుండ ఆగినా లోపలి పెరుగు కదిలినట్టు అది ముందుకు వెళ్లి పుర్రె గోడకు కొట్టుకుంటుంది, రక్తనాళాలు తెగుతాయి. హెల్మెట్ లోపల ఉండే మందపాటి థర్మోకోల్ పొర ఆ దెబ్బకు నలిగి, తల ఆగడానికి పట్టే సమయాన్ని కొద్దిగా పొడిగిస్తుంది. ప్రాణం నిలిచేది ఆ కొద్ది వ్యవధి వల్లనే. కాబట్టి పైన గట్టి ప్లాస్టిక్ ఉండి లోపల ఆ పొర లేని చౌకరకం టోపీ, గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్, ఒకసారి ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్, ఈ మూడూ దాదాపు లేనట్టే లెక్క. ఐఎస్ 4151 అనే ప్రమాణంతో ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనాలి. సరైన హెల్మెట్ మరణాన్ని సుమారు 42 శాతం, తల గాయాలను సుమారు 69 శాతం తగ్గిస్తుందని అనేక పరిశోధనలను క్రోడీకరించి తేల్చారు. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ తప్పనిసరి అని చట్టం చెబుతున్నా, ముందు కూర్చున్న తండ్రికి ఉండి వెనక కూర్చున్న పిల్లకు లేని బండ్లే మన వీధుల్లో ఎక్కువ.

పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో చట్టం చాలామంది అనుకునే దానికంటే కఠినంగా ఉంది. పదహారేళ్లకు లైసెన్సు ఇచ్చేది 50 సీసీ మించని గేరు లేని బండికే. మనం స్కూటీ అని పిలిచేవి చాలావరకు 100 సీసీ పైబడినవి కాబట్టి ఆ లైసెన్సు వాటికి చెల్లదు. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్లకు లోబడిన చిన్న ఎలక్ట్రిక్ బండ్లకు మాత్రం లైసెన్సు అక్కరలేదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వకపోవడం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన శిక్షలు. అయినా తండ్రి తాళం ఇస్తున్నాడంటే కారణం లేకపోలేదు. ఊరి నుంచి కాలేజీ దూరం, బస్సు వేళకు రాదు, ఆటోలో ఇరుక్కుని పోవాలి. దీనికి జవాబు జరిమానాలో మాత్రమే దొరకదు, కాలేజీ వేళలకు తగినట్టు బస్సు నడపడంలోనూ దొరుకుతుంది.

ఇంట్లో జాగ్రత్తగా నడిపే పిల్లవాడు స్నేహితులను ఎక్కించుకోగానే ఎందుకు మారిపోతాడన్నది మరో చిక్కుముడి. ముందుచూపును, నిగ్రహాన్ని నడిపించే మెదడు ముందుభాగం ఇరవయ్యో పడి మధ్యదాకా పూర్తిగా పరిణతి చెందదు. మెప్పునూ ఉత్సాహాన్నీ కోరే భాగాలు అంతకంటే చాలా ముందే చురుకెక్కుతాయి. అమెరికాలో 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, కంప్యూటరు మీద కారు నడిపే ఆటలో, తోటివారు పక్కన ఉన్నప్పుడు కుర్రవాళ్లు ఎక్కువ తెగింపు చూపారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. ట్రిపుల్ రైడింగ్‌లో బరువు పెరిగి బ్రేకు ఆలస్యంగా పడడం ఒక ప్రమాదమైతే, వెనక ఇద్దరు చూస్తున్నారన్నది రెండోది. వేగం సంగతి సరేసరి: రెట్టింపు వేగంలో దెబ్బ శక్తి నాలుగింతలవుతుంది.

వేగాన్ని ఉపన్యాసంతో కాక ఏర్పాటుతో ఎలా కట్టడి చేయవచ్చో చూడడానికి మనం దూరం పోనక్కరలేదు. తిరుమల ఘాట్ రోడ్లలో వాహనం బయలుదేరిన సమయాన్ని నమోదు చేసి, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస వ్యవధిగా పెట్టారు. అంతకంటే ముందే చేరితే తప్పు వేగానిదేనని దొరికిపోతారు. కొండ దిగాక అదే బండి అదే చేతుల్లో ఊళ్లో ఎలా పోతుందో అందరికీ తెలుసు.

రెండోది నీరు. మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య చెరువులు నిండుతాయి, తలకోన, కైలాసకోన, ఉబ్బలమడుగు జలపాతాలు జోరందుకుంటాయి. సెలవు రోజున పిల్లలు గుంపుగా అక్కడికే పోతారు. స్వర్ణముఖిలో ఇసుక తోడిన గుంతలు, చెరువులో మట్టి తవ్విన లోతులు, పనులు ఆపేసిన గ్రానైటు క్వారీల్లో నిలిచిన నీళ్లు పైనుంచి చూస్తే ఒకే మట్టంగా కనబడతాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడు మరో అడుగు వేస్తే నిలువు లోతులో పడతాడు. ఈత వచ్చినవాడు కూడా పాచిపట్టిన బండ మీద జారి తలకు దెబ్బ తగిలితే ఈదలేడు.

మునిగిపోతున్నవాడు చేతులు ఊపి కేకలు వేస్తాడని అనుకుంటాం. నిజానికి ఊపిరి అందక నోరు నీటి మట్టానికి పైకీ కిందకీ అవుతున్నవాడికి కేక వేసే గాలే ఉండదు. మునిగిపోవడం చాలాసార్లు నిశ్శబ్దంగా జరుగుతుంది. అందువల్లనే నలుగురు మిత్రులు పక్కనే ఉండి కూడా గమనించరు. గమనించాక ఒకడు దూకుతాడు, భయంతో మొదటివాడు అతని మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. ఒకే ఇంటి పిల్లలో ఒకే తరగతి పిల్లలో ఒకేసారి పోయారన్న వార్తల వెనక తరచు ఉండేది ఈ క్రమమే. దూకకుండా తాడో, పొడవాటి కర్రో, పంచె లేదా చీర కొసో, గాలి ఉన్న ఖాళీ క్యానో అందించడం రక్షించే పద్ధతి. ఒడ్డుకు చేర్చాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర ఇంకా చేస్తున్నారు. ఇవి విలువైన నిమిషాలను మింగేస్తాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోను చేయించాలి. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది కాబట్టి అంబులెన్సు రాక కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడడానికి వీల్లేదు. ఛాతీ నొక్కే పద్ధతిని తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక మధ్యాహ్నంలో నేర్పవచ్చు.

పాముకాటును పల్లె సమస్య అని పట్నం మరచిపోతుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వారిలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్ల లోపువారు, ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు రకాల కాటుకూ కలిపి పనిచేసే విరుగుడు మందు ఒక్కటే కనుక, పామును చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోవలసిన పనే లేదు. ఆ వెతుకులాటలో మరొకరు కాటు తిన్న సందర్భాలున్నాయి.

నాలుగింటిలో కట్లపాము సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది రాత్రివేళ ఇంట్లోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కాటువేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారి పిల్లవాడు కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. ఊపిరి కండరాలు పనిచేయడం మానేసేసరికి ఆలస్యమైపోతుంది. మంచం మీద, దోమతెరను పరుపు కిందికి దోపుకుని పడుకోవడం ఇక్కడ దోమల నివారణను మించిన పని చేస్తుంది. రక్తపింజరి మరోలా చంపుతుంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొద్దిగా రక్తం గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూడడం డాక్టర్లు చేసే తొలి పరీక్ష. గాటు కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం, పసరు వైద్యుడి దగ్గర పూట గడపడం, ఇవన్నీ నష్టమే. కాటు తగిలిన కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. వేరుశనగ కాయలు కోసే రోజుల్లో, రాత్రి మోటారు వేయడానికి పొలానికి పంపేటప్పుడు పిల్లవాడి చేతిలో టార్చిలైటు, కాళ్లకు బూట్లు ఉన్నాయో లేదో చూడవలసింది పెద్దలే.

కుక్కకాటు గురించి రెండు మాటలు చాలు. రేబిస్ వచ్చాక మందు దాదాపు లేదు. రాకముందు టీకా ఉంది. గాయాన్ని పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి, మొత్తం మోతాదులూ పూర్తి చేయాలి. ఇంట్లో తిడతారని కాటు సంగతి దాచిపెట్టే పిల్లలుంటారు కాబట్టి తిట్టరని వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా మాట్లాడవలసింది ఆత్మహత్య గురించి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటర్ ఫలితాల రోజున వార్తలన్నీ మార్కుల చుట్టూ తిరుగుతాయి గనుక పరీక్షే కారణమని స్థిరపడిపోయింది. అదే గణాంకాల్లో పద్దెనిమిదేళ్ల లోపువారి విషయంలో కుటుంబ సమస్యలే ముందు వరుసలో ఉన్నాయి. ఒక్క కారణంతో జరిగే మరణం కాదిది. చాలాకాలంగా పేరుకున్న దిగులు, నిద్రలేమి, అవమానం, ఇంట్లో గొడవ ఒకచోట చేరినప్పుడు మార్కుల జాబితా ఆఖరి దెబ్బ అవుతుంది. తీవ్రమైన ఆ కోరిక చాలామందిలో ఎంతోసేపు నిలవదన్నది ఇక్కడ కీలకమైన సంగతి. ఆ కాస్త సమయంలో ప్రాణాంతకమైన వస్తువు చేతికి అందకపోతే మనిషి బతుకుతాడు, అలా బతికినవారిలో అత్యధికులు తరవాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించగా, 1995 తరవాత రెండు దశాబ్దాల్లో అక్కడి ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. మామిడికి, టమాటాకు మందు కొట్టే మన రైతు ఇళ్లలో ఆ డబ్బాలు వంటింటి అటక మీదో మంచం కిందో ఉంటాయి. వాటిని తాళం పడే పెట్టెలో, ఇంటికి దూరంగా ఉంచడం ఏ ఉపన్యాసానికీ తీసిపోని రక్షణ.

తల్లిదండ్రులు చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. ఫలితాల రోజున పిల్లను ఒంటరిగా వదలకపోవడం, బంధువుల ఫోన్లు తామే ఎత్తడం, కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష ఉందన్న సంగతి ముందు రోజే మాట్లాడుకోవడం. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఉన్నట్టుండి అందరికీ దూరం కావడం, తాను లేకపోతే అందరికీ హాయి అనడం గమనిస్తే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. అడిగినవారి దగ్గర బరువు దించుకోవడానికి దారి దొరుకుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు తెలుగులోనూ మాట్లాడుతుంది. ఫోను పిల్లలే చేయవచ్చు, డబ్బు అక్కరలేదు.

ఆడపిల్లల విషయంలో వేగంగా వచ్చే ప్రమాదమూ మెల్లగా వచ్చే ప్రమాదమూ కలిసిపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని, 15 నుంచి 19 ఏళ్ల వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో అని తేలింది. అదే సర్వేలో దేశం మొత్తం మీద ఆ వయసు ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువగా ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి కాన్పు సమయంలో కోల్పోయే రక్తాన్ని తట్టుకోలేదు. రక్తహీనత అలవాట్లకు సంబంధించినదిగా, బాల్యవివాహం చట్టానికి సంబంధించినదిగా విడివిడిగా కనబడినా, కాన్పు గదిలో రెండూ ఒకే మరణానికి దారితీస్తాయి. పెళ్లి ఆపడానికి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. రక్తం పెరగడానికి బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర ఉన్నాయి. మాత్ర వేసుకుంటే వికారమని పారేసే పిల్లలకు అన్నం తిన్నాక వేసుకోమని చెబితే చాలావరకు సరిపోతుంది. రాగి సంగటి, ఆకుకూర, ఊరుబిండి మన తిండే. దానికి నిమ్మకాయ పిండుకోవడం, తిన్న గంటదాకా టీ తాగకపోవడం చేరిస్తే అందులోని ఇనుము ఒంటికి మెరుగ్గా పడుతుంది.

ఇక పూర్తిగా నెమ్మదిగా నడిచే ప్రమాదాల్లో పొగాకు ఒక్కదాన్నే ప్రస్తావిస్తాను, ఎందుకంటే పొగతాగేవారిలో చాలామంది ఇరవై ఏళ్ల లోపే మొదలుపెట్టినవారు. తిరుపతిలో 2022లో ప్రత్యేక క్యాన్సరు ఆసుపత్రి వచ్చింది. గుట్కా, ఖైనీ నమలడంతో నోటి క్యాన్సరు తెచ్చుకుని అటువంటి చోటికి చేరేవారు ఆ పొట్లాన్ని మొదట విప్పింది చాలావరకు కుర్రతనంలోనే. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని, పద్దెనిమిదేళ్ల లోపువారికి అసలే అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. ఈ-సిగరెట్లను 2019లో పూర్తిగా నిషేధించారు. పిల్లలకు పొగాకు అమ్మకూడదన్న నిషేధానికి మినహాయింపు ఏమీ లేదు. తండ్రి కోసమే తెమ్మని పంపినా, చిల్లర సరిగ్గా తెచ్చినా, ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతిలో బీడీ కట్ట పెట్టడం దుకాణదారుకు నేరమే.